యాడికని అడగొద్దు

ఆ పొద్దున శ్రీశైలమ్మ వేసుకున్న ఏర్పాటులో కష్టమైన పని ఒక్కటీ లేదు. మనుమడికి మూడో నెల వచ్చింది. ఇంతవరకు వాడు గడప దాటలేదు. ఇవాళ మంచిరోజు. వాడికి నీళ్ళు పోసి, బుగ్గన దిష్టిచుక్క పెట్టి, మేనమామ చేతుల మీద గడప దాటించాలి. సూర్యుణ్ణి చూపించాలి. ఊరి చివర గంగమ్మ గుడిలో కొబ్బరికాయ కొట్టి, అక్కణ్ణుంచి అందరూ కలిసి రైలు స్టేషనుకు నడవాలి. స్టేషనేమీ దూరాభారం కాదు, ఇంజను కూత వేస్తే శ్రీశైలమ్మ పెరట్లో గొర్రెలు తలెత్తి చూస్తాయి. బండి రావడానికి ఇంకా బోలెడంత పొద్దుంది. ఇందులో పొరపాటు జరగడానికి చోటెక్కడుందో వెతికినా దొరకదు.

సూర్యుడితో పాటు ఆ బిడ్డకు చూపించవలసిన మనిషి ఇంకొకడున్నాడు. వాడి తండ్రి. రామసుబ్బయ్య రైలింజను మీద బొగ్గు వేసే ఉద్యోగంలో ఉన్నాడు. కొడుకు పుట్టిన దగ్గర నుంచి సెలవు అడుగుతూనే ఉన్నాడు, పైవాళ్ళు రేపంటూనే ఉన్నారు. చివరకు సెలవుకు బదులు బదిలీ ఇచ్చారు. రేపటి నుంచి హుబ్బళ్ళి అవతల ఎక్కడో పని. మళ్ళీ ఈ పక్కకు ఎప్పుడొస్తాడో రైలు దొరలకే తెలియాలి. పోతూ పోతూ ఈ ఒక్క రోజుకు దొనకొండ నుంచి నంద్యాల పోయే పాసింజరు మీద అతనికి పని పడింది. ఈ స్టేషనులో ఇంజను నీళ్ళు తాగుతుంది. అది తాగినంత సేపే తండ్రికీ కొడుక్కీ దొరికే సేపు.

ఈ కబురు రైలుకట్ట మీద పనిచేసే మనిషి ఒకడు వచ్చి చెప్పిన దగ్గర నుంచి బిడ్డ తల్లి సుబ్బులుకు కంటి మీద కునుకు లేదు. బిడ్డకు అచ్చంగా తండ్రి ముక్కే వచ్చింది. పసివాళ్ళ ముక్కులు నెలకొక రకంగా మారతాయని ఎవరో అన్నారు. అది మారిపోకముందే మొగుడికి చూపించాలన్నది ఆమె ఆరాటం. పుట్టింట్లో మూడు నెలలుగా ఆమె కోరిన కోరిక ఇదొక్కటే.

శ్రీశైలమ్మ మొగుడు పెద్దమందను తోలుకుని నల్లమల పక్కకు పోయి ఉన్నాడు. ఆయన ఇంట్లో ఉన్నా పెద్ద తేడా ఉండేది కాదు. ఆ ఇంటికి శకునాల విషయంలో హైకోర్టు శ్రీశైలమ్మే. పిల్లి ఎదురైతే ఏం చేయాలి, ఒంటితుమ్ముకు ఎంతసేపు ఆగాలి, వెనక నుంచి పిలిస్తే పలకాలా వద్దా, అన్నిటికీ ఆమె దగ్గర తీర్పులున్నాయి. అన్నిటికంటే పెద్ద నేరం బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగడం. అడిగారంటే ప్రయాణం చెడినట్టే. వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయలుదేరాలి. తెలిసినవాళ్ళు "దూరమా?" అని అడుగుతారు. అదీ అదే ప్రశ్న, కానీ దానికి దోషం లేదు.

మామూలు ప్రయాణానికే ఇంత పట్టింపు ఉన్నప్పుడు పుట్టి మొదటిసారి గడప దాటే బిడ్డ సంగతి చెప్పాలా. తొలి అడుగున ఆ మాట వింటే వాడు పెద్దయ్యాక దేనికి బయలుదేరినా సగం దారి నుంచి వెనక్కి వస్తాడని ఆమె నమ్మకం. దానికి సాక్ష్యం ఇంట్లోనే ఉంది. ఆమె కొడుకు చెంచయ్యను మొదటిసారి బయటికి తెచ్చినప్పుడు ఎవరో అడగనే అడిగారట. చెంచయ్య ఈనాటికీ మంద దగ్గరికి బయలుదేరితే కర్ర మరిచిపోయి ఒకసారి, సద్దిమూట మరిచిపోయి ఒకసారి వెనక్కి వస్తాడు. పెళ్ళిచూపులకు పోయినప్పుడు కూడా తలగుడ్డ కోసం వెనక్కి వచ్చాడు. అతను తిరిగి చేరేలోగా పిల్ల తరపువాళ్ళు ఇంకొకరికి మాటిచ్చారు.

అలాంటి చెంచయ్యే ఇవాళ మేనమామ. తెల్లపంచె కట్టి, కొత్త తలగుడ్డ చుట్టి, మేనల్లుణ్ణి అందుకుని, అలవాటు కొద్దీ మెడ మీద అడ్డంగా వేసుకున్నాడు.

"ఒరే, అది గొర్రెపిల్ల గాదురా. దించు," అంది శ్రీశైలమ్మ.

"మెడ మీదైతే జారదు గదమ్మా. మన మందలో ఒక్క పిల్లన్నా జారిందా ఇంతవరకు?"

"చేతుల్లో ఎత్తుకో. తలకింద చెయ్యి పెట్టు. ఊపిరి పీల్చు, నువ్వెందుకు బిగబట్టినావు?"

చెంచయ్య ఊపిరి పీల్చి, కుడికాలు ముందు పెట్టి గడప దాటాడు. సూర్యుణ్ణి చూపించారు. ముత్తాత పేరు పెట్టుకున్న ఆ బిడ్డ, కాటమరాజు, ఎండ తగలగానే కళ్ళు గట్టిగా మూసుకుని నిద్రపోయాడు. చూపించడం మన వంతు, చూడటం వాడి వంతు అని సరిపెట్టుకుని శ్రీశైలమ్మ కొబ్బరికాయ బుట్ట ఎత్తుకుంది. ముగ్గురూ వీధిలోకి అడుగుపెట్టారు. ఎదురింటి పిచ్చమ్మ పేడనీళ్ళు చల్లుతూ తలెత్తింది.

"ఏంది వదినా, అందరూ కట్టకట్టుకొని యాడికి పోతుండారు?"

శ్రీశైలమ్మ నిలబడిపోయింది. పిచ్చమ్మ ఆ ముఖం చూసి, బిడ్డను చూసి, కొబ్బరికాయను చూసి నాలుక కరుచుకుంది.

"నా నోరు పడ. తెలిసి అడగలేదు వదినా."

"తెలిసి అడిగేటోళ్ళు యాడుంటార్లే," అని శ్రీశైలమ్మ వెనక్కి తిరిగింది.

అందరూ ఇంట్లోకి వచ్చి కాళ్ళు కడుక్కున్నారు. బిడ్డ కాళ్ళు కూడా కడిగారు. ఆ తడిచేయి తగిలి దిష్టిచుక్క చెరిగితే మళ్ళీ పెట్టారు. కూర్చున్నారు. నీళ్ళు తాగారు. లేవబోతుండగా చెంచయ్యకు సందేహం వచ్చింది.

"మనం తాగితిమి, సరే. ప్రయాణం వానిది గదా. వాడు తాగొద్దా?"

"మూడు నెల్ల బిడ్డకు నీళ్ళేందన్నా?" అంది సుబ్బులు.

హైకోర్టుకు ఇంతవరకు ఈ చిక్కు ఎదురుకాలేదు. శ్రీశైలమ్మ కాసేపు ఆలోచించి, నీళ్ళకు బదులు పాలైనా చెల్లుతుందని తీర్పు చెప్పింది. సుబ్బులు బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. కాటమరాజు తీరికైన మనిషి. కాసేపు తాగుతాడు, కాసేపు నిద్రపోతాడు, ఎక్కడ ఆపాడో గుర్తు తెచ్చుకుని మళ్ళీ మొదలుపెడతాడు. సుబ్బులు వాడి ముఖం వైపు ఒకసారి, వాకిట్లో జరుగుతున్న ఎండ వైపు ఒకసారి చూస్తూ కూర్చుంది.

"అమ్మా, ఈలోపల నేను పోయి వీధిలో అందరికీ ఒక మాట చెప్పొస్తా. యాడికని అడగొద్దని," అన్నాడు చెంచయ్య.

అతని జన్మలో అతనికి వచ్చిన మంచి ఆలోచనల్లో అదొకటి. అమలు చేయడంలోనే చెడింది. వీధి మలుపులో కాశమ్మ అని ఒక ముసలామె ఉంది. ఆమెకు కాళ్ళు నడవవు, చూపు ఆనదు. లోకంలో జరిగే రాకపోకల్లో ఆమెకు మిగిలిన వాటా అడగడం ఒక్కటే. తెల్లవారి అరుగు మీద కూర్చుంటే పొద్దుగూకే దాకా వచ్చేవాణ్ణీ పోయేవాణ్ణీ అడుగుతుంది. తోక ఊపుకుంటూ పోయే కుక్కనూ అడుగుతుంది. ఆమెనే ముందు హెచ్చరించాలని చెంచయ్య పంచె ఎగగట్టి పరుగెత్తాడు. అడుగుల చప్పుడు విని కాశమ్మ చేయి అడ్డం పెట్టింది.

"ఎవుర్రా అది, చెంచయ్యనా? అంత పరుగున యాడికిరా?"

చెంచయ్య కాక ఇంకొకడైతే ఆ సంగతి మింగేసి ఊరుకునేవాడు. అతనికి అబద్ధం చెప్పడం కూడా సగం దాకా పోయి వెనక్కి వస్తుంది. తల వంచుకుని ఇంటికి వచ్చాడు.

"నన్ను గదమ్మా అడిగింది. బిడ్డను గాదు గదా," అన్నాడు ఆశగా.

"మోసేటోణ్ణి అడిగితే మోసే బిడ్డను అడిగినట్టే. కాళ్ళు కడుక్కో."

మళ్ళీ కాళ్ళు, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ దిష్టిచుక్క. ఈసారి పిచ్చమ్మ కూడా లోపలికి వచ్చింది. చేసిన తప్పుకు ఆమె మనసు మనసులో లేదు. వీధికి చెప్పే పని తనకు వదిలిపెట్టమంది. తాను ఎక్కడికీ ప్రయాణం కట్టలేదు గనుక, తనను ఎవరేం అడిగినా దోషం లేదంది. ఆ మాట శ్రీశైలమ్మకు నచ్చింది. పిచ్చమ్మ నోట్లో నువ్వుగింజ నానదన్న సంగతి ఆ తొందరలో ఆమెకు తట్టలేదు.

పిచ్చమ్మ ఒక్క గడపను కూడా వదల్లేదు. ముందుగా కాశమ్మ దగ్గరికి పోయి, పళ్ళు లేని ఆ నోట్లో బెల్లపు గడ్డ ఒకటి పెట్టి, అది కరిగేదాకా మాట్లాడొద్దని ఒట్టు పెట్టించుకుంది. తక్కిన ఇళ్ళలో చెప్పింది ఒకటే మాట.

"శ్రీశైలమ్మ వాళ్ళు పోతుండారు. యాడికని మాత్రం అడగొద్దండి. మీకు పుణ్యముంటాది."

అంతవరకు ఆ ఊళ్ళో అడగాలని అనుకున్నవాడు ఒక్కడూ లేడు. ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. అడగొద్దని చెప్పిన మరుక్షణం నుంచి ఎవరికీ పని సాగలేదు. అడగకూడనంత చోటు ఏమై ఉంటుంది? మందను అమ్మేసి ఊరు విడిచిపోతున్నారని ఒకరన్నారు. పొలం గట్టు తగాదా మీద మార్కాపురం కోర్టుకు పోతున్నారని ఇంకొకరన్నారు. పొలం లేనివాళ్ళకు గట్టు తగాదా ఏమిటని ఎవరూ అనలేదు. చివరకు బిడ్డకు ఒంట్లో బాగాలేదట, మిషను ఆసుపత్రికి తీసుకుపోతున్నారట, పాపం పైకి చెప్పుకోలేకపోతున్నారట అన్న మాట నిలబడింది. మంచి మనసున్న ఊరు. పోయి తోడుండాలి గాని నోరెత్తి అడగకూడదని అందరూ అనుకున్నారు.

శ్రీశైలమ్మ బృందం మళ్ళీ గడప దాటేసరికి వీధికి రెండు పక్కలా మనుషులు నిలబడి ఉన్నారు. అందరి నోళ్ళూ బిగించి ఉన్నాయి. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకామె బిడ్డను చూసి కళ్ళు తుడుచుకుంది.

"ఏందే ఇది? ఊళ్ళో ఏమైంది?" అని శ్రీశైలమ్మ ఆమెను అడిగింది.

ఆమె అడ్డంగా తల ఊపింది. నోరు తెరిస్తే ఆ మాట ఎక్కడ జారిపోతుందోనని ఆమె భయం. శ్రీశైలమ్మ మంచి ముహూర్తంలో చెడు కబురు వినడమెందుకని ముందుకు నడిచింది. కాశమ్మ అరుగు దాటేటప్పుడు ముగ్గురూ పిల్లుల్లా నడిచారు. కాశమ్మ బుగ్గలో బెల్లం ఒక పక్క నుంచి ఇంకొక పక్కకు మారింది. చేయి లేచింది. ఒట్టు గుర్తొచ్చి మళ్ళీ దిగింది.

గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, బిడ్డ నుదుట కుంకుమ పెట్టి, స్టేషను దారి పట్టారు. కొంతదూరం పోయాక చెంచయ్య గొంతు తగ్గించి చెప్పాడు.

"అమ్మా, ఊరంతా మన యెనకాలే వస్తాంది."

"తిరిగి చూడొద్దు. బిడ్డ ముందుకు పోతాంటే మనం యెనక్కి చూడగూడదు."

వెనక ఊరంతా మాటా పలుకూ లేకుండా నడుస్తోంది. ఆరోజుల్లో అట్లా నడవడం మామూలు విషయం కాదు. కాంగ్రెసు వాళ్ళు ఉప్పు వండుతామని ఒక చోట, కల్లు దుకాణం ముందు కూర్చుంటామని ఒక చోట గుంపులు కడుతున్న కాలం. పదిమంది కలిసి నడుస్తుంటే ఎక్కడికని అడగండని పోలీసులకు పైనుంచి హుకుం వచ్చింది. సరిగ్గా ఆ పూట హెడ్డు కానిస్టేబులు వెలుగొండయ్య ఏదో విచారణ మీద బేస్తవారిపేట పక్క నుంచి సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాడు. ఉతికిన బట్టలు కట్టుకుని, పెదవి విప్పకుండా, రైలు స్టేషను వైపు నడుస్తున్న గుంపును చూసి ఆయన సైకిలు దిగాడు.

బయలుదేరినవాణ్ణి ఎక్కడికని అడగకూడదని వెలుగొండయ్యకూ తెలుసు. ఆయన డ్యూటీకి బయలుదేరేటప్పుడు ఆయన భార్య అడగదు. కానీ సర్కారు ఆయనకు జీతమిచ్చేదే అడగడానికి.

"ఆగండి. అందరూ యాడికి పోతుండారు?"

ఊరంతా ఒక్కసారి అయ్యో అంది. పొద్దుటి నుంచి బిగబట్టిన నోళ్ళన్నీ తెరుచుకున్నాయి.

"అడగొద్దు దొరా. ఆ మాట అడగొద్దు," అంది పిచ్చమ్మ.

"అడగొద్దా? ఎవురు అడగొద్దన్నది?"

"అందరమూ అనుకున్న మాట దొరా. ఇంటింటికీ చెప్పినాము."

వెలుగొండయ్యకు అనుమానం బలపడింది. ఇంటింటికీ చెప్పి కట్టిన గుంపు. ఆయన గొంతు పెంచి, మాట విడగొట్టి, అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. శ్రీశైలమ్మ రెండు చెవులూ మూసుకుంది. చెంచయ్య బిడ్డను గుండెకు అదుముకుని అరచేత్తో వాడి చెవి మూశాడు. ఇప్పుడు ఇంటికి తిరిగిపోతే బండి అందదు, పోకపోతే దోషం. సుబ్బులు తల్లి ముఖంలోకి చూసింది. శ్రీశైలమ్మ వెనక్కి చూడకుండానే గుడి ఎంత దూరముందో కూతురిని చూడమంది.

"కనపడతాంది," అంది సుబ్బులు.

"గంగమ్మ మన ఇంటి ఆడబిడ్డ. ఆమె గుడి కనపడినంత దూరం మన ఇల్లే. ఈడనే కూసుందాం," అని తీర్పు చెప్పి శ్రీశైలమ్మ రోడ్డు మధ్యలో కూర్చుంది. చెంచయ్య కూర్చున్నాడు. సుబ్బులు కూర్చుంది. ప్రశ్న అందరినీ కలిపి అడిగారు గనుక ఊరు ఊరంతా కూర్చుంది.

రోడ్డు మీద కూర్చునేవాళ్ళను గురించి కూడా పైనుంచి హుకుం ఉంది. అది గుర్తొచ్చి వెలుగొండయ్యకు చెమటలు పట్టాయి. ఇంతమందిని లేవనెత్తి తీసుకుపోవడానికి ఆయన దగ్గర ఉన్నది ఒక సైకిలు.

"లేవండమ్మా. మీకేం కావాలో చెప్పండి."

"నీళ్ళు కావాల," అంది శ్రీశైలమ్మ.

నిరాహారదీక్ష కాదన్నమాట అని ఆయన కొంత తేరుకున్నాడు. సైకిలుకు కట్టిన మరచెంబు విప్పి ఇచ్చాడు. శ్రీశైలమ్మ కాళ్ళ మీద కాస్త చిలకరించుకుని, గుక్కెడు ఎత్తి పోసుకుని, కొడుక్కిచ్చింది. కొడుకు చెల్లెలికిచ్చాడు. ఆమె పిచ్చమ్మకిచ్చింది. అక్కడితో మరచెంబు ఖాళీ అయింది. మిగతా ఊరు వెలుగొండయ్య వైపు చూసింది. ఆయన టోపీ తీసి సైకిలు మీద పెట్టి, దాపున ఉన్న మోటబావి దగ్గరికి తానే పోయి నింపుకొచ్చాడు. రెండోసారి పోయి వస్తుండగా దూరంగా ఇంజను కూత వేసింది.

పొద్దుటి నుంచి సుబ్బులు ఒక్క ఎదురు మాట అనలేదు. వెనక్కి రమ్మంటే వచ్చింది, కూర్చోమంటే కూర్చుంది. ఇప్పుడు ఆమె కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి.

"అమ్మా, బండి వచ్చె. ఇంక ఆయన యాన్నో, మనం యాన్నో."

కూతురి గొంతు విన్నాక శ్రీశైలమ్మకు కాళ్ళు ఆగలేదు. లేచింది. ఊరంతా లేచింది. అంతమందీ ఒకేసారి పరుగు అందుకోవడం చూసి వెలుగొండయ్య నోరు తానే తెరుచుకుంది. సగం మాట బయటపడ్డాక ఆయనే చేత్తో మూసుకుని, మిగతా సగాన్ని మింగి, "దూరమా?" అన్నాడు.

"దగ్గరే దొరా," అని పిచ్చమ్మ పరుగెత్తుతూ చెప్పింది.

వాళ్ళు స్టేషను చేరేసరికి ఇంజను నీళ్ళు తాగడం అయిపోయింది. ఇంజనుకు నీళ్ళు పట్టే తోలుగొట్టాన్ని పక్కకు తిప్పేశారు. గార్డు పచ్చజెండా ఊపాడు. రామసుబ్బయ్య బండి ఆగినంత సేపూ మెడ బయటపెట్టి దారి వైపే చూశాడు. ఎవరూ రాలేదు. బిడ్డకు ఏమైందోనని ఒకసారి, తన మీద కోపమేమోనని ఒకసారి అనుకున్నాడు. ఇప్పుడు ఊరు ఊరంతా పరుగెత్తి వస్తుంటే చూస్తున్నాడు గాని, దిగే వీలు లేదు. చేతిలో పార ఉంది, పక్కన డ్రైవరు ఏలీయా ఉన్నాడు.

ఏలీయా కంభం వాడు. ఆదివారం దేవుడి మాట, తక్కిన రోజులు గడియారం మాట వింటాడని పేరు. ఆయన బండి చూసి ఊళ్ళల్లో అన్నం వార్చుకుంటారు. ఆయన చేయి మీట మీద పడింది. చక్రాలు కదిలాయి.

చెంచయ్య ప్లాట్‌ఫారం మీద బిడ్డను రెండు చేతులా పైకెత్తి పరుగెత్తాడు. బిడ్డ ముఖం ఇటు తిరిగి ఉంది, తండ్రి అటు ఉన్నాడు. సుబ్బులు నిలబడిపోయింది. ఇంక పరుగెత్తి లాభం లేదని ఆమెకు తెలిసిపోయింది.

శ్రీశైలమ్మ అది చూసింది. ఆమె పాతకాలపు మనిషి. పెళ్ళయిన నాటి నుంచి అల్లుడి ముఖం చూసి ఒక్క మాట మాట్లాడి ఎరగదు. అన్నం తింటాడా అని అడగాలన్నా తలుపు చాటు నుంచి చెంచయ్య చేత అడిగించేది. అలాంటి మనిషి ఇంజను పక్కకు పోయి, నెత్తి మీది కొంగు జారినా సర్దుకోకుండా, మంద వెంట అరిచి అరిచి ఆరితేరిన గొంతుతో అరిచింది.

"అల్లుడూ, యాడికి పోతుండావు?"

ప్లాట్‌ఫారం మీద ఊరంతా కొయ్యబారింది. రామసుబ్బయ్య చేతిలోంచి పార జారి ఇనుప పలక మీద ఖంగుమంది.

"అన్నా, నన్ను అడిగినారు," అన్నాడు డ్రైవరుతో. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "బయలుదేరినాక అడిగినారు."

ఏలీయా కిందికి చూశాడు. రొప్పుతున్న ముసలామెను, పైకెత్తిన బిడ్డను, కళ్ళు తుడుచుకుంటున్న పిల్లను చూశాడు. గడియారం వైపు కూడా ఒకసారి చూశాడు. ఆపైన మీట వెనక్కి లాగాడు. చక్రాలు ఒకసారి మూలిగి ఆగాయి.

"నాకైతే ఈ పట్టింపులు లేవు రామసుబ్బయ్యా," అన్నాడు. "అయితే చేతులు వణికేటోడు పార పడితే బొగ్గు పొయ్యిలో పడదు, నా కాళ్ళ మీద పడతాది. దిగు. కాళ్ళు కడుక్కో, కూసో, నీళ్ళు తాగి రా. మీ పద్ధతి అదే గదా."

"బండి అన్నా?"

"బండికి నేను చెప్పుకుంటాలే. పో."

రామసుబ్బయ్య దిగిన తీరు చూస్తే ప్రయాణం చెడిన మనిషని ఎవరూ అనుకోరు. తోలుగొట్టం కింద కారుతున్న నీళ్ళలో కాళ్ళు కడుక్కుని, సిమెంటు గట్టు మీద కూర్చున్నాడు. చెంచయ్య బిడ్డను ఒళ్ళో పెట్టాడు. రామసుబ్బయ్య బొగ్గు చేతులను చూసుకుని, ముట్టుకోవాలా వద్దా అని తటపటాయించాడు.

"ముక్కు చూసినావా?" అంది సుబ్బులు.

"నాదే," అన్నాడు. ఆగలేక బొటనవేలితో ఆ బుగ్గ తాకాడు. పొద్దుటి నుంచి పెడితే చెరుగుతూ, పెడితే చెరుగుతూ వచ్చిన చోట నల్లగా, గుండ్రంగా దిష్టిచుక్క పడింది.

"ఇప్పుడు సరిగ్గా కుదిరింది," అంది శ్రీశైలమ్మ కొంగు సర్దుకుని, మళ్ళీ చెంచయ్య వెనక్కి పోయి.

సూర్యుణ్ణి చూడనన్న కాటమరాజు ఆ నల్లటి ముఖాన్ని చూడటానికి కళ్ళు తెరిచాడు. చాలాసేపు చూశాడు. ఎవరో నీళ్ళు తెచ్చిచ్చారు. రామసుబ్బయ్య ఎంత చిన్న గుక్క వేయవచ్చో అంత చిన్న గుక్కలు వేస్తూ తాగాడు. చివరకు చెంబు ఖాళీ అయి, బరువుగా లేచి, బిడ్డను తల్లికి అందించాడు. ఆ కదలికకు బొగ్గుపొడి రాలి కాటమరాజు తుమ్మాడు.

అందరూ శ్రీశైలమ్మ వైపు తిరిగారు.

"నూరేళ్ళు," అందామె ముందుగా బిడ్డనుద్దేశించి. ఆపైన కొడుకు వీపుతో చెప్పింది. "లేచేటప్పుడు ఒంటితుమ్ము. మీ బావను ఇంగొంచెం సేపు కూసోమను."

ఏలీయా ఇంజను మీద నుంచి ఆకాశం వైపు చూశాడు.

ఈలోగా స్టేషను మాస్టరు గది నుంచి ఊడిపడ్డాడు. బండి ఎందుకు ఆగిందో, ఇంతమంది ఎవరో, ఈ కూర్చోవడమేమిటో ఆయనకు అర్థం కాలేదు.

"ఏలీయా, ఏమిటిది? ఎందుకు ఆపావు?"

"నీళ్ళ పని కొంచెం మిగిలింది సార్," అన్నాడు ఏలీయా. ఆయన అబద్ధమాడడు.

మాస్టరు ఊరివాళ్ళ వైపు తిరిగి నోరు తెరవబోయాడు. అప్పుడే వెలుగొండయ్య ఒక చేత సైకిలు, ఒక చేత మరచెంబు పట్టుకుని వగరుస్తూ వచ్చి ఆయన భుజం మీద చేయి వేశాడు.

"వాళ్ళనేమీ అడక్కండి సార్. అడిగితే కూసుంటారు."

ఆ గొంతులో ఉన్న అనుభవాన్ని చూసి మాస్టరు నోరు మూసుకుని గదిలోకి పోయాడు.

తుమ్ము దోషం తీరాక రామసుబ్బయ్య ఇంజను ఎక్కాడు. ఈసారి అతని చేతులు వణకలేదు. శ్రీశైలమ్మ చెంచయ్య భుజం పక్క నుంచి తల బయటపెట్టి, "పోయి రా నాయనా," అని తానే స్వయంగా చెప్పింది. బండి కదిలింది. మలుపు తిరిగేదాకా సుబ్బులు బిడ్డను ఎత్తి పట్టుకునే ఉంది. ఏలీయా మామూలు కంటే కొంచెం పొడుగ్గా కూత వేశాడు. బిడ్డకు జబ్బు లేదని, బాగానే ఉన్నాడని అప్పటికి ఊరికి తెలిసింది. అందరూ వాడి ముక్కు మెచ్చుకుంటూ, పొద్దుటి నుంచి దాచుకున్న మాటలన్నీ ఒకేసారి మాట్లాడుకుంటూ ఇంటిదారి పట్టారు.

వీధి మలుపులో కాశమ్మ అరుగు మీద అట్లాగే కూర్చుని ఉంది. నోట్లో బెల్లం ఎప్పుడో కరిగిపోయింది. ఒట్టు పెట్టుకున్న మనిషి గనుక పొద్దుటి నుంచి దారిన పోయే కుక్కను కూడా పలకరించలేదు. అలికిడి విని తలెత్తింది.

"శ్రీశైలమ్మా, పోయేటప్పుడు అడగొద్దంటిరి. వచ్చేటప్పుడు అడగొచ్చునా?"

"అడుగవ్వా, అడుగు. వచ్చేటప్పుడు తప్పులేదు."

"పొద్దున అందరూ యాడికి పోయినారే?"

శ్రీశైలమ్మ అరుగెక్కి, కాళ్ళు చాపుకుని కూర్చుని, ఒక చెంబు నీళ్ళు తెప్పించుకుని తాగి, మొదటి నుంచి మొదలుపెట్టింది.